ఎక్కే బండికే దారి

మన్యంలో చలి మొదలైంది. శనివారం సాయంత్రమయ్యేసరికి నర్సీపట్నం నుంచి లంబసింగికి, చోడవరం నుంచి పాడేరుకి, విశాఖ నుంచి అరకుకి బండ్లు వరస కట్టేస్తున్నాయి. ఈ వరసలో ఇప్పుడు కొత్త రకం బండి కనిపిస్తోంది. లోపల మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న బాత్‌రూమ్ అన్నీ ఉన్న కేంపర్ వ్యాన్. కారవాన్ అని కూడా అంటున్నారు. కారవాన్ టూరిజాన్ని ప్రోత్సహిస్తామని రాష్ట్ర ప్రభుత్వమూ చెబుతోంది. మేఘాల మధ్య బండి ఆపి, తలుపు తీసి, టీ తాగుతున్న వీడియోలు మీరూ చూసే ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. ఆ వీడియోల్లో కనపడని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ బండిని ఘాట్ ఎక్కించి క్షేమంగా దించడం. రెండోది, ఆ ఘాట్ మీద ముందు ఎవరికి దారి ఇవ్వాలన్నది.

మొదటిది ముందు మాట్లాడుకుందాం. ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది.

కేంపర్ వ్యాన్ కారు కాదు. పైన కప్పు ఎత్తు, లోపల సామాను బరువు. లీటరు నీళ్లంటే కిలో బరువు. 150 లీటర్ల ట్యాంకు నింపితే ఇద్దరు మనుషుల్ని అదనంగా ఎక్కించుకున్నట్టే. పైగా ఆ ఇద్దరూ కుదురుగా కూర్చోరు. సగం నిండిన ట్యాంకులో నీళ్లు ప్రతి మలుపులో ఒక పక్కకి ఊగుతాయి, బండిని కూడా లాగుతాయి. మైదానంలో ఇది తెలియదు. హెయిర్‌పిన్ మలుపులో తెలుస్తుంది.

ఎక్కేటప్పుడు బండి దమ్ము తేలిపోతుంది. ఇంజన్ వేడెక్కుతుంది, మలుపులో గేరు మార్చడం ఆలస్యమైతే బండి ఆగి వెనక్కి జారుతుంది. అయినా ఎక్కేటప్పుడు తప్పు చేస్తే చాలాసార్లు బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు తప్పు చేస్తే బండి ఆగదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మైదానం డ్రైవర్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి తియ్యడు. కిలోమీటర్ల కొద్దీ అలా నొక్కి ఉంచితే బ్రేకులు కాలిపోతాయి, ముందు వాసన వస్తుంది. ఆ తర్వాత బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి చేరుతుంది. అప్పుడు పెడల్ నొక్కితే నేల దాకా వెళ్లిపోతుంది, బండి మాత్రం ఆగదు. మన జీపు డ్రైవర్లకి ఈ సంగతి ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అన్నది వాళ్ల పాఠం. చిన్న గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకుని మలుపు ముందు కొద్దిగా వాడి వదిలెయ్యాలి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించడం, ఇంజన్ ఆపెయ్యడం చావుని పిలవడమే. ఇంజన్ ఆగితే పవర్ బ్రేకు, పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుపోతాయి.

ఇవి భయపెట్టడానికి చెప్పే మాటలు కావు. 2019 అక్టోబరులో మారేడుమిల్లి, చింతూరు మధ్య ఘాట్‌లో కర్ణాటక నుంచి వచ్చిన టూరిస్టుల టెంపో ట్రావెలర్ లోయలో పడింది. మన దగ్గర కేంపర్లుగా మారుస్తున్నది ఎక్కువగా అలాంటి బండ్లనే. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసి దిగుతున్న హైదరాబాద్ టూరిస్టుల బస్సు అనంతగిరి ఘాట్‌లో పడి నలుగురు చనిపోయారు. 2023 ఆగస్టు 20న పాడేరు ఘాట్ ఎక్కుతున్న ఆర్టీసీ బస్సు లోయలోకి జారి ఇద్దరు పోయారు. ఆ బస్సులో ఉన్నది టూరిస్టులు కాదు, రోజూ ఆ దారిన తిరిగే జనం.

ఇప్పుడు లైసెన్సు సంగతి చూడండి. ఏడున్నర టన్నుల లోపు బండి అయితే మామూలు కారు లైసెన్సుతో నడపొచ్చు. ఈ పరిమితి లోపు కమర్షియల్ బండ్లకీ అదే లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ తీర్పు వల్ల మన ఆటో, జీపు డ్రైవర్లకి మేలే జరిగింది. కానీ అదే లైసెన్సుతో నగరంలో ఆఫీసుకి కారు నడుపుకునే మనిషి, శుక్రవారం రాత్రి కేంపర్ అద్దెకి తీసుకుని, నిద్ర లేకుండా వచ్చి, తెల్లవారుజామున పొగమంచులో డౌనూరు దాటి లంబసింగి ఘాట్ ఎక్కొచ్చు. ఆపేవాళ్లు లేరు. ఉత్తరాఖండ్‌లో కొండ దారుల మీద కమర్షియల్ బండి నడపాలంటే లైసెన్సు మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్ అడుగుతారు. మన దగ్గర గంజాయి కోసం బండి డిక్కీ తెరిపిస్తారు గానీ, బ్రేకు ఎలా ఉందో చూసేవాళ్లు లేరు.

ఇక రెండో సంగతి. ఘాట్ మీద డ్రైవర్లందరికీ తెలిసిన నియమం ఒకటుంది. రెండు బండ్లు ఎదురుపడి, ఇద్దరికీ సరిపడా దారి లేకపోతే దిగే బండి ఆగాలి, ఎక్కే బండికి దారివ్వాలి. మోటారు వాహనాల నిబంధనల్లోనూ ఇదే ఉంది. బరువుతో ఎక్కుతున్న బండి ఒకసారి ఆగిందంటే మళ్లీ కదలడం కష్టం, అందుకని. ఎవరి బండి ఖరీదైనది, ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారు అన్నది లెక్క కాదు. ఎవరికి కష్టం ఎక్కువ అన్నదే లెక్క.

ఈ నియమాన్ని రోడ్డుకే కాదు, పాలనకి కూడా పెట్టి చూడండి. మన్యంలో ఇప్పుడు ఎక్కుతున్నది ఎవరు? సంత రోజున మిరియాలు, పసుపు, కాఫీ పిక్కలు మూటగట్టి జీపు వెనక వేలాడుతూ వచ్చే మనోళ్లు. కాన్పు నొప్పులతో డోలీలో రోడ్డు దాకా వచ్చి, అక్కడ 108 కోసం ఎదురుచూసే ఆడబిడ్డలు. వ్యూ పాయింట్ దగ్గర రెండు వైపులా బండ్లు ఆపి సెల్ఫీలు దిగుతుంటే, ఆ మధ్యలో ఇరుక్కునేది ఆ 108 బండే. ఆదివారం పొద్దున్న లంబసింగిలోనో, వంజంగి దారిలోనో నిలబడి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

ఈ ఘాట్‌లు ఎలా వచ్చాయో కూడా గుర్తు చేసుకోవాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేసేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన తాతముత్తాతల చేత బలవంతంగా రాళ్లు మోయించాడు, ఇవ్వాల్సిన కూలి ఇవ్వకుండా ఎగ్గొట్టాడు. గాము గంటందొర, మల్లుదొర లాంటి వాళ్లు అల్లూరి సీతారామరాజు వెంట నడవడానికి ఆ అవమానం, ఆ ఆకలి కూడా కారణాలే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన ఫితూరీకి మూలాల్లో ఈ రోడ్డు కూడా ఒకటి. ఇవాళ కేంపర్ వ్యాన్ ఏ మలుపులో ఆగి ఫొటో తీసుకుంటోందో, ఆ దారి కింద కూలి దక్కని చెమట ఉంది. ఆ రోడ్డు మనల్ని కొండ మీదికి చేర్చడానికి వేసింది కాదు, మన కొండని కిందికి దించడానికి వేసింది. వందేళ్ల తర్వాత కూడా రోడ్డు ఎవరి కోసం అన్న ప్రశ్న అలాగే ఉంది.

కొందరు మిత్రులు అడుగుతారు, టూరిజం వస్తే మనకే కదా పని అని. నిజమే, ఆ మాటని కొట్టిపారెయ్యక్కర్లేదు. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కాల్చే తమ్ముళ్లు, కాఫీ పొడి అమ్మే అక్కలు, గది అద్దెకిచ్చే కుటుంబాలు ఈ నాలుగు నెలల మీదే ఏడాది గడుపుతున్నారు. మేం టూరిస్టుకి వ్యతిరేకం కాదు. కానీ కేంపర్ వ్యాన్ లెక్క వేరు. మామూలు టూరిస్టు గది అడుగుతాడు, భోజనం అడుగుతాడు, జీపు మాట్లాడుకుంటాడు. కేంపర్ వ్యాన్ పడకని వెంట తెచ్చుకుంటుంది. బియ్యం, గ్యాసు కూడా నగరంలోనే ఎక్కించుకుంటుంది. అది మన దగ్గర తీసుకునేవి రెండే, ఆగడానికి జాగా, ట్యాంకుకి నీళ్లు. ఇచ్చి పోయేవి కూడా రెండే, చెత్త, మురుగు. ఆ బాత్‌రూమ్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారు? దానికి ఏర్పాటు లేకపోతే రాత్రిపూట గెడ్డలోకే వదులుతారు. కింద ఊళ్లో ఆ గెడ్డ నీళ్లే తాగుతారు. వాంతులు, విరేచనాలు వచ్చేది వాళ్లకి.

ఒక మాట ఒప్పుకోవాలి. రిసార్టు కంటే కేంపర్ వ్యాన్ నయం. దానికి పునాది లేదు, గోడ లేదు, వచ్చింది పోతుంది. భూమిని పట్టుకుని కూర్చోదు. కానీ బండి వెనకాలే "కారవాన్ పార్కు" అన్న మాట కూడా వస్తోంది. పార్కుకి జాగా కావాలి, కరెంటు కావాలి, బోరు కావాలి. ఆ తర్వాత హోటలు, దాని పక్కన కాటేజీలు. చక్రాల మీద వచ్చింది మెల్లగా పునాది తవ్వుతుంది. ఆ జాగా ఎవరిదన్న దగ్గరే మనం గట్టిగా నిలబడాలి.

చట్టం ఏం చెబుతోంది? 1/70 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదు. బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా అందులోకే వస్తుంది. మనవాడి పేరు ముందు పెట్టి, డబ్బు మైదానం నుంచి తెచ్చి నడిపే టెంట్ క్యాంపులు ఈ చట్టానికి కన్నం వెయ్యడమే. ప్రభుత్వ భూమి అయినా ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇవ్వకూడదని 1997లో సమతా తీర్పు చెప్పింది. 2025 జనవరిలో టూరిజం కోసం 1/70ని సవరించాలన్న మాట పెద్ద పదవిలో ఉన్నవాళ్ల నోట వచ్చింది. ఫిబ్రవరిలో మన్యం అంతా బంద్‌తో జవాబు చెప్పింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సి వచ్చింది. ఆ ఐక్యత మళ్లీ అవసరం పడుతుంది.

అడవిలో ఊరికి రోడ్డు వెయ్యాలంటే అటవీ అనుమతి లేదని అధికారులు చెప్పడం మనకి అలవాటైపోయింది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. గ్రామసభ సిఫారసు చేస్తే, హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకి 75 చెట్లకి మించి కొట్టకుండా, 13 రకాల ఊరి అవసరాలకి వాడొచ్చు. ఆ జాబితాలో రోడ్డు ఉంది, అంగన్‌వాడీ ఉంది, బడి ఉంది, తాగునీటి పైపులైను ఉంది. టూరిస్టు పార్కింగ్ లేదు. పార్లమెంటే మనకి ముందు దారి ఇమ్మని రాసింది. మరి అడ్డం ఎవరు నిలబడుతున్నారు?

రోడ్లు అసలు రావడం లేదని అనడం లేదు. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో అడవితల్లి బాట పనులు మొదలుపెట్టారు. పీఎం జన్‌మన్ కింద 100 మంది ఉన్న పీవీటీజీ ఊళ్లకి కూడా రోడ్డు వెయ్యొచ్చు. మంచిదే, పూర్తి చెయ్యమనే అడుగుతున్నాం. కానీ కొండ మీద 40 మంది, 60 మంది ఉన్న ఊళ్లు లెక్కకి ఎప్పుడూ అందవు. నొప్పులు జనాభా చూసి రావు. రాజమహేంద్రవరం నుంచి లంబసింగి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా 516ఈ జాతీయ రహదారి వెడల్పవుతోంది. ఆ రహదారికీ ఆ చిన్న ఊరికీ మధ్య మిగిలిన మూడు నాలుగు కిలోమీటర్ల మట్టిదారే మన అసలు ఘాట్.

అందుకని మేం అడిగేవి ఇవి.

1. కారవాన్ పార్కు, పార్కింగ్, టెంట్ క్యాంపు ఏదైనా పెసా ప్రకారం గ్రామసభ తీర్మానం లేకుండా పెట్టకూడదు. నడిపేది ఆ ఊరి ఆదివాసీ సంఘాలే కావాలి. ఆగే జాగాకి, నీళ్లకి రుసుము గ్రామసభకే చెందాలి.

2. ప్రతి ఘాట్ కింద చెక్‌పోస్టులో కేంపర్లకి, టూరిస్టు బస్సులకి బ్రేకు, టైరు తనిఖీ ఉండాలి. కొండ మీద నడిపిన అనుభవం లేనివాళ్లు స్థానిక డ్రైవర్‌ని తీసుకోవాలి. మన యువకులకి శిక్షణ, లైసెన్సు ఐటీడీఏ ఇప్పించాలి.

3. మురుగు ట్యాంకు ఖాళీ చేసే ఏర్పాటు లేని చోట కేంపర్లని రాత్రి ఆపనివ్వకూడదు. గెడ్డలో వదిలితే జరిమానా వెయ్యాలి.

4. ఘాట్ మలుపుల్లో బండి ఆపడం నిషేధించాలి. 108కి, ఫీడర్ అంబులెన్స్‌కి, సంత బండ్లకి ముందు దారి ఇవ్వాలి.

5. టూరిజం రోడ్డుకి రూపాయి విడుదల చేసేముందు, ఆ మండలంలో డోలీ మోస్తున్న ఊళ్ల జాబితా బయట పెట్టాలి. సెక్షన్ 3(2) కింద ఆ రోడ్లు ముందు మొదలుపెట్టాలి.

యువతకి ఒక మాట. ఈ నెల మీ ఊరి గ్రామసభలో ఈ ఐదు అంశాలు చదవండి, తీర్మానం రాయించండి, సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఒక కాపీ ఐటీడీఏ పీఓకి, ఒకటి కలెక్టర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ లెక్కలోకి రాదు.

కేంపర్ వ్యాన్‌లో వచ్చే అన్నలకి, అక్కలకి కూడా ఒక మాట. రండి, మా కొండ చూడండి. చిన్న గేరులో దిగండి, మలుపులో హారన్ కొట్టండి, మా గెడ్డని మీ ఇంటి మంచినీళ్లలాగా చూసుకోండి. ఎదురుగా మూటలతో, మనుషులతో నిండిన జీపు ఎక్కి వస్తుంటే మాత్రం పక్కకి తీసి ఆగండి.

జై ఆదివాసీ!