అరుదైన జీవికి తెర కావాలి

2020 ఏప్రిల్ 6న హాంకాంగ్‌లోని ఓషన్ పార్కులో యింగ్ యింగ్, లే లే అనే రెండు జెయింట్ పాండాలు సహజంగా జతకట్టాయి. అవి అక్కడికి వచ్చింది 2007లో. వాటిని జతకలిపేందుకు 2010 నుంచి పార్కు సిబ్బంది ప్రయత్నిస్తూనే ఉన్నారు. పదేళ్లుగా జరగనిది ఆ వసంతంలో జరిగింది. అప్పటికి కొవిడ్ కారణంగా పార్కు మూతపడి రెండు నెలలు దాటింది. రోలర్ కోస్టర్లు తిరగడం లేదు, మైకుల మోత లేదు, అద్దానికి ముఖాలు ఆనించి నిలబడే జనం లేరు.

జనం లేకపోవడమే కారణమని ఈ ఒక్క ఉదాహరణతో తేల్చలేం. ఆడ పాండా ఏడాదికోసారి, అదీ రెండు మూడు రోజులు మాత్రమే గర్భధారణకు అనుకూలంగా ఉంటుంది. ఆ కొద్ది సమయం కలిసిరావడానికి వయసు, ఆరోగ్యం, జంట మధ్య పొత్తు అన్నీ తోడవ్వాలి. ఆ ఏడాది పిల్లలు పుట్టలేదు కూడా. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. జతకట్టే రోజుల్లో పాండాల ఆవరణ ఒక్కదాన్నీ మూసే జూలు ఉన్నాయి. కానీ గోడకు అవతల రైడ్లు, షోలు, బాణసంచా నడిచే చోట ఆ ఆవరణ మూసినంత మాత్రాన ఏం ప్రశాంతత దక్కుతుంది? పార్కునంతటినీ ఆపమంటే ఆ రోజుల ఆదాయం పోతుంది. ఆ నష్టాన్ని భరించే థీమ్ పార్కు యజమానిని ఊహించడం కష్టం.

ఓషన్ పార్కును తేలిగ్గా తిట్టిపోయడం న్యాయం కాదు. 1977లో మొదలైన ఈ సంస్థ సంరక్షణలో ఉన్న జియా జియా అనే పాండా 38 ఏళ్ల వయసు దాకా బతికింది. మానవ సంరక్షణలో అంతకాలం జీవించిన పాండాల్లో దానిదే రికార్డు. దాని జోడు ఆన్ ఆన్ 35 ఏళ్లు బతికింది. తిండికి, వైద్యానికి లోటు చేసిన చోట జంతువులు అంతకాలం ఉండవు. నా అభ్యంతరం వేరు. 2020లో దివాలా అంచుకు చేరిన ఆ పార్కును నిలబెట్టడానికి హాంకాంగ్ ప్రభుత్వం 540 కోట్ల హాంకాంగ్ డాలర్లు ఇవ్వాల్సి వచ్చింది. 2024 ఆగస్టు 15న యింగ్ యింగ్‌కు కవలలు పుట్టగానే పాండాల చుట్టూ పర్యాటకాన్ని ఎలా పెంచాలన్న చర్చ అక్కడ మొదలైంది. ‘పాండా ఆర్థిక వ్యవస్థ’ అన్న మాట ప్రభుత్వ పెద్దల నోటనే వినిపించింది. ఇంత పెద్ద సంస్థ ఆదాయ లెక్కలు కళ్లు తెరవని పిల్లల మీద ఆధారపడితే, ఆ పిల్లలను ఎప్పుడు జనం ముందుకు తేవాలి, ఎంతసేపు ఉంచాలి అన్న నిర్ణయంలో పశువైద్యుడి మాట ఎంత చెల్లుతుంది? ఈ రోజు చెల్లవచ్చు. నష్టాలు ముదిరిన రోజు?

దక్షిణ కొరియాలోని ఎవర్‌ల్యాండ్‌లో 2020 జులైలో పుట్టిన ఫు బావో ఆ దేశానికే ముద్దుబిడ్డ అయింది. దాన్ని కొద్ది నిమిషాలు చూసేందుకు గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. 2024 ఏప్రిల్ 3న చైనాకు పంపేటప్పుడు వేలమంది వానలో తడుస్తూ వీడ్కోలు చెప్పారు. ఆ ప్రేమ నిజమైనదే. అయితే ఆ ప్రేమ వల్ల సిచువాన్ అడవికి ఏం దక్కింది అని అడగాలి.

అడవి పాండాల సంగతి కొంత ఊరటనిచ్చేదే. చైనా నాలుగో జాతీయ సర్వే 1,864 పాండాలను లెక్కించింది. 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని ‘అంతరించే ప్రమాదంలో ఉన్న’ జాబితా నుంచి ఒక మెట్టు దింపి ‘ముప్పు పొంచి ఉన్న’ జాబితాలో చేర్చింది. ఇందులో ప్రధాన పాత్ర 1998 నుంచి సహజ అడవుల నరికివేతను ఆపడానిది, పాండాల కోసం ఏర్పాటైన అభయారణ్యాలది. విదేశీ జూలు పాండాల జంటకు ఏటా చెల్లించే దాదాపు 10 లక్షల డాలర్లలో కొంత అడవికి చేరిందన్నదీ నిజమే. కానీ ప్రదర్శనలో పెరిగిన పాండా అడవికి తిరిగి వెళ్లదు. బందిఖానాలో పుట్టి 2006లో అడవిలోకి వదిలిన తొలి పాండా షియాంగ్ షియాంగ్ ఏడాది తిరగకుండానే చనిపోయింది. ఆ తర్వాత మనిషి వాసన సోకకుండా, తల్లి దగ్గరే అడవి నేర్పి పెంచిన వాటినే విడుదలకు ఎంచుకుంటున్నారు. మనిషిని చూస్తూ పెరగడమే థీమ్ పార్కు పాండా బతుకు. మనిషికి దూరంగా పెరగడమే విడుదలకు అర్హత. ఈ రెండూ ఒక జీవిలో కుదరవు.

అన్నింటికన్నా బాధాకరమైన కథ టోకిటే అనే ఓర్కా తిమింగలానిది. 1970 ఆగస్టులో అమెరికాలోని వాషింగ్టన్ తీరంలో, పెన్ కోవ్ దగ్గర వలలు పన్ని పిల్ల ఓర్కాలను తల్లుల నుంచి వేరుచేశారు. వాటిలో ఒకటైన టోకిటేని మయామీ సీక్వేరియానికి అమ్మారు. అక్కడ దానికి లోలిటా అని పేరు పెట్టి, ఇరుకు తొట్టిలో అర్ధశతాబ్దానికి పైగా ఉంచి విన్యాసాలు చేయించారు. అప్పట్లో ఇలాంటి వేటల్లో ‘దక్షిణ స్థానిక’ ఓర్కాల కుటుంబాల నుంచి నలభైకి పైగా జీవులు సముద్ర పార్కులకు తరలిపోయాయి. కొన్ని ఆ వలల్లోనే చనిపోయాయి. ఆ సమూహంలో ఈనాడు మిగిలినవి డెబ్బైకి కాస్త అటూ ఇటూగా మాత్రమే. అంటే వాటిని అరుదుగా మార్చిన కారణాల్లో వినోద పరిశ్రమే ఒకటి. 2015లో అమెరికా ప్రభుత్వం టోకిటేకి కూడా ఆ సమూహానికున్న రక్షణ హోదా ఇచ్చింది. సొంత సముద్రానికి చేర్చే ప్రణాళికను 2023 మార్చిలో ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టు 18న అది చనిపోయింది.

మన దగ్గర మరో రకం పొరపాటు ఉంది. హైదరాబాద్, విశాఖ జూలలో పిల్లలు ముందుగా వెతికేది తెల్లపులినే. తెల్లపులి వేరే జాతి కాదు. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే కూనతో మొదలైన సంతతి మీద, దగ్గరి బంధువులను పదేపదే జతకట్టించడంతో ఈ రంగును నిలబెట్టారు. మెల్లకన్ను వంటి దోషాలు అందులో భాగమయ్యాయి. దీనివల్ల అడవిలోని పులికి ఒరిగేదేమీ లేదు. అందుకే అమెరికాలోని జూల సంఘం 2011లో తన సభ్యులకు తెల్లపులుల సంతానోత్పత్తి వద్దని చెప్పింది. గేటు దగ్గరి రద్దీకి నిజమైన అరుదు, రంగు మాత్రమే అరుదైనది ఒకేలా కనిపిస్తాయి. జూ విధానం ఆ రద్దీని అనుసరిస్తే, డబ్బు తెల్లపులి బోనుకే పోతుంది.

మూషిక జింకకు ఆ ఆకర్షణ లేదు. మూడు నాలుగు కిలోలకు మించని జీవి, మనిషి అలికిడికి పొదలో ఒదిగిపోతుంది. చీకటి పడితే గానీ బయటికి రాదు. టికెట్ కొని దాన్ని చూడటానికి ఎవరూ రారు. అయినా హైదరాబాద్ నెహ్రూ జూలాజికల్ పార్కు, సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల, కేంద్ర జూ ప్రాధికార సంస్థ కలిసి 2010లో దాని సంతానోత్పత్తి కార్యక్రమం మొదలుపెట్టాయి. కొద్ది జింకలతో ఆరంభమై సంఖ్య వందల్లోకి చేరింది. 2017లో కొన్నింటిని నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ముందు ఆవరణలో అలవాటు చేసి, ఆపై అడవిలోకి వదిలారు. తెలుగునేల మీద జరిగిన ఈ పనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

వినోదానికి, సంరక్షణకు ఒకే ప్రాంగణంలో చోటు ఉండదని నేను అనడం లేదు. కాలిఫోర్నియా కాండార్ చరిత్రే అందుకు జవాబు. 1987లో చివరి అడవి పక్షిని పట్టుకునేసరికి ప్రపంచం మొత్తంలో మిగిలినవి 27. మరుసటి ఏడాది శాన్ డియాగో వైల్డ్ యానిమల్ పార్కులో బందీగా ఉన్న జంటకు తొలి పిల్ల పుట్టింది. అదీ అప్పట్లో జనాన్ని రైలెక్కించి తిప్పిన పార్కే. కానీ కాండార్లను సందర్శకుల కంట పడనివ్వలేదు. మనిషికి అలవాటు పడకుండా కాండార్ తల ఆకారపు తోలుబొమ్మతో పిల్లలకు మేత పెట్టారు. 1992లో విడుదల మొదలైంది. ఈ రోజు వాటి సంఖ్య 500 దాటింది. ముందు ద్వారం దగ్గర వచ్చిన డబ్బు, వెనక తలుపు దగ్గర పని చేసింది.

జూలను పర్యాటక కేంద్రాలుగా తీర్చిదిద్దుతామని చెప్పే ఏ ప్రభుత్వమైనా, ప్రైవేటు సంస్థ అయినా ముందుగా చూపాల్సింది ఆ వెనక తలుపునే. అరుదైన ప్రతి జాతికీ సందర్శకులు అడుగుపెట్టలేని ఆవరణ ఉందా? దాని తాళం మార్కెటింగ్ విభాగం చేతిలో కాక జీవశాస్త్రవేత్త చేతిలో ఉందా? టికెట్ ఆదాయంలో ఎంత భాగం ఆ జాతి సహజ ఆవాసానికి వెళ్తోందో జాతివారీగా ప్రకటిస్తారా? జవాబు లేని చోటికి అరుదైన జంతువును పంపకూడదు. ఇలా గీత గీయడం మన దేశానికి కొత్త కాదు. 1998లో చెన్నై దగ్గరి ఒక వినోద పార్కుకు విదేశం నుంచి తెచ్చిన డాల్ఫిన్లు కొన్ని నెలల్లోనే చనిపోయాయి. 2013 మేలో కేంద్ర పర్యావరణ శాఖ డాల్ఫినేరియాలకు అనుమతి లేదని తేల్చింది. అప్పటికే వాటికోసం ఎదురుచూస్తున్న రాష్ట్రాలు ప్రతిపాదనలు పక్కన పెట్టాయి. జూలకు గుర్తింపు ఇచ్చే అధికారం 1992 నుంచి కేంద్ర జూ ప్రాధికార సంస్థ చేతిలోనే ఉంది. ఆ గుర్తింపును పొడిగించే ప్రతిసారీ ఈ ప్రశ్నలను షరతులుగా చేర్చవచ్చు.