ఆయాసం వస్తే బద్ధకం అనకండి, హెచ్‌బీ ఎంతో అడగండి



మెట్లెక్కితే ఆయాసపడే చెల్లి, అన్నం సగంలో వదిలేసే తమ్ముడు, స్టడీ అవర్లో తల వాల్చేసేవాళ్లు మన హాస్టళ్లలో ఏటా కనిపిస్తారు. ఇక్కడ దానికి పెట్టే పేరు బద్ధకం. ఊర్లో అయితే గాలి సోకిందంటారు. మేం అనేది ఒకటే, ముందు రక్తం పరీక్ష చేయించాలి.

రక్తం తక్కువైతే ఒంటికి ఆక్సిజన్ చాలదు, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఆయాసం, నీరసం అందుకే. ఆకలి చచ్చిపోతుంది, తినకపోయేసరికి రక్తం ఇంకా తగ్గుతుంది. హెచ్‌బీ ఆడపిల్లలకి 12, పెద్ద మగపిల్లలకి 13 కంటే తక్కువుంటే రక్తహీనత. 8 కన్నా తగ్గితే ఆగకుండా ఆసుపత్రికి పోవాల్సిందే. వారం వారం ఇచ్చే నీలం మాత్రని కిటికీలోంచి పారేసేవాళ్లున్నారు, విరేచనం నల్లగా అవుతోందని. అలా అవడం మామూలే. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది, టీతో మాత్రం వద్దు. నులిపురుగుల మాత్ర కూడా వదలొద్దు, కొక్కెం పురుగులు రక్తమే తాగుతాయి.

కానీ అందరిదీ ఐరన్ లోపమే కాదు. మన ఆదివాసుల్లో సికిల్ సెల్ ఉంది. రక్తకణం కొడవలిలా వంగి తొందరగా విరిగిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, ఎముకలు పీకుతాయి. దానికి హైడ్రాక్సీయూరియా లాంటి మందులు డాక్టరే రాయాలి, ఊరికే ఐరన్ మింగితే తగ్గదు. అమ్మానాన్నల నుంచి వచ్చేది, అంటుకునేది కాదు. పక్క మంచం ఖాళీ చేసేవాళ్లకి ఇది చెప్పండి.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కావచ్చు. కఫం పరీక్షా, మందులూ సర్కారు దవాఖానాలో ఉచితం. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చినోళ్లు గుండె కూడా చూపించుకోవాలి. పడుకుంటే ఊపిరాడకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్ష అన్నారు. మంచిదే. మా దగ్గర రక్తం తీసుకుపోయారు, పేర్లు రాసుకున్నారు, రిజల్ట్ మాత్రం మా చేతికి రాలేదు. మా రక్తం, మా కాగితం మాకే ఇవ్వకపోతే ఆ పరీక్ష ఎవరికోసం? ప్రతి హాస్టల్‌కీ ఒక ఏఎన్‌ఎం, ఆరు నెలలకోసారి హెచ్‌బీ, రిజల్ట్ కార్డు విద్యార్థి చేతికి. ఐటీడీఏ గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి వినతిపత్రం రాశాం. మీ హాస్టల్ సంతకాలు కూడా పంపండి, కలిపి ఇద్దాం.