మాటల్లేకపోతే వినమా?

పోయిన నెల అమీర్‌పేటలో ఓ టీ కొట్టు దగ్గర నలుగురం నిలబడి సినిమా పాటల గురించి మాట్లాడుకుంటున్నాం. ఒకతను ఒక్క చరణం పట్టుకుని ఇరవై నిమిషాలు విప్పి చెప్పాడు. బాగా చెప్పాడు కూడా. మరి ట్యూన్ సంగతేంటి అన్నాను. "ట్యూన్ కూడా బావుంటుంది" అన్నాడు. అంతే, అయిపోయింది.

నా ఫోన్‌లో స్కాట్ జోప్లిన్ 'మేపుల్ లీఫ్ రాగ్' పెట్టి వినమన్నాను. (రాగ్ అంటే మన రాగం కాదు, అమెరికాలో నల్లవాళ్ళు పెంచిన పియానో సంగీతం.) "టామ్ అండ్ జెర్రీ మ్యూజిక్‌లా ఉంది. అయినా మాటల్లేవుగా, దీని గురించి ఏం మాట్లాడతాం?" అన్నాడు.

నా గొడవ ఈ మాటతోనే. ఇది అతనొక్కడిదీ కాదు. మన పత్రికల్లో పాటల మీద వచ్చే వ్యాసాలు చూడండి, తొంభై పాళ్ళు సాహిత్య విమర్శే. వేటూరి పదాల మీద పేజీలు రాస్తాం, ఆ పదం ఏ స్వరం మీద ఆగిందో ఒక్క వాక్యం రాయం. చదవడం వచ్చు అనుకునేవాళ్ళం మరీ ఇంత చెవిటివాళ్ళమా?

రాగ్‌టైమ్‌నే ఎందుకు పట్టుకున్నానంటే, అది అచ్చు ద్వారా వ్యాపించిన సంగీతం. 1899లో మిస్సోరీ రాష్ట్రం సెడేలియాలో జాన్ స్టార్క్ 'మేపుల్ లీఫ్ రాగ్' నొటేషన్ అచ్చేశాడు. కాపీకి ఒక సెంటు జోప్లిన్‌కి. జోప్లిన్ వాయించిన గ్రామఫోను రికార్డు ఒక్కటీ లేదు. 1916లో చేసిన కొన్ని పియానో రోల్స్ ఉన్నాయి గానీ, ఆయన మనకి మిగిల్చింది ముఖ్యంగా కాగితమే. 1917లో పోయాడు కాబట్టి ఆ కాగితాలన్నీ ఇవాళ నెట్‌లో ఉచితం.

నాకు పియానో రాదు. అమీర్‌పేట నుంచి పంజగుట్ట ఒక్క మెట్రో స్టేషనే, ఆ కాస్త దూరంలోనూ ఫోన్‌లో నొటేషన్ తెరిచి వేలితో వెంబడిస్తూ వింటుంటాను. రాగ్‌లో సాధారణంగా ఎడమచేయి అడుగు తప్పకుండా లెక్క వేస్తుంటే కుడిచేయి ఆ లెక్కకి ముందో వెనకో పడుతుంది. అతీతం, అనాగతం తెలిసినవాళ్ళకి, అచ్చంగా అదే కాకపోయినా, ఈ రుచి పరాయిగా ఉండదు. 'మేపుల్ లీఫ్'లో ఒక్కో భాగం పదహారు బార్లు (పంజగుట్టలోవి కాదు). మొదటి భాగం సగానికి వచ్చేసరికి ఒక చిన్న స్వరాల ముక్క అడుగు నుంచి మెట్టు మెట్టుగా పైకెక్కుతుంది. కాగితం చూసేదాకా నేనది వినలేదు. వందసార్లు చెవిన పడి ఉంటుంది.

రాగ్‌టైమ్‌ని వేగంగా వాయించొద్దని జోప్లిన్ తన నొటేషన్ల మీదే అచ్చు వేయించాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1970లో జాషువా రిఫ్కిన్ తాపీగా వాయించి రికార్డు చేశాకగానీ చాలామందికి అది కార్టూన్ సంగీతం కాదని తెలియలేదు. కోచింగ్ వీడియోలు రెండింతల స్పీడులో చూసి ఉద్యోగం తెచ్చుకున్న నాకు ఈ సంగతి కాస్త గుచ్చుకుంది లెండి.

నా తప్పొకటి ఒప్పుకోవాలి. 'బెథేనా' అనే వాల్ట్జ్ ఉంది, 1905 నాటిది. ఎడ్వర్డ్ బెర్లిన్ రాసిన జీవితచరిత్రలో, దానికి ముందు ఏడాది జోప్లిన్ భార్య ఫ్రెడ్డీ పెళ్ళయిన పది వారాలకే చనిపోయిందని చదివాను. ఆ రాత్రి 'బెథేనా' వింటే ఏడుపొచ్చింది. మరి నేను విన్నది సంగీతాన్నా, బెర్లిన్ వాక్యాన్నా? నేనూ మాటలు పట్టుకునే లోపలికి వెళ్ళాను. కానీ తర్వాత నొటేషన్ ముందేసుకుని చూశాను. మొదటి వరస మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, వేరే చోట్ల తిరిగి తిరిగి ఇంటికొచ్చే మనిషిలా. ఆ రావడం కాగితం మీద ఉంది, నేను ఊహించుకున్నది కాదు. పుస్తకం తలుపు దగ్గర దింపుతుంది, లోపల నడవాల్సింది మనమే.

ఇదంతా పాశ్చాత్యుల అలవాటు, మనకెందుకు అంటారేమో. సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, తెలుగు లిపిలో. ఏ స్వరానికి ఏ గమకమో గుర్తులు పెట్టి మరీ. జోప్లిన్ 'ఎంటర్‌టైనర్' అచ్చయిన రెండేళ్ళకి. స్వరాన్ని అక్షరంలా చదివించే అంత పుస్తకం మన లిపిలో ఉండగా, మనం కీర్తనల్లోనూ అర్థతాత్పర్యాలే వెతుక్కుంటున్నాం.

ఆ టీ కొట్టు మిత్రుడికి ఒక పందెం వేశాను. ఈసారి నచ్చిన పాట మీద ఒక్క పేరా రాయాలి, అందులోని ఒక్క మాటా ఉదహరించకుండా. పది రోజులైంది. ఇంకా పంపలేదు.