సమకాలీకరణమా? ప్రతుల సరిచూపా?



చేతిలో ఇమిడే యంత్రంలోని వ్రాతను, బల్లమీది కంప్యూటరులోని వ్రాతను ఒకదానితో ఒకటి సరిపెట్టే పనిని ఇంగ్లీషులో సింక్రనైజేషన్ అంటారు. వాడుకలో అది సింకు అయింది. తెలుగు అనువాదాలలో మాత్రం "సమకాలీకరణ" అన్న మాట పాతుకుపోయింది. ఆ మాట వ్యాకరణరీత్యా తప్పు కాదు, అర్థరీత్యా తప్పు అని నా అభిప్రాయం. పండితుని చాదస్తం అని కొట్టిపారేయకండి. ఇది పుస్తకాలు చదివి ఏర్పరచుకొన్న అభిప్రాయం కాదు. నలభై దాకా మాటలను చేజేతులా పోగొట్టుకొన్న తరువాత ఏర్పడినది.

2007లో మా పెద్దల్లుడుగారు అమెరికా నుండి సెలవులకు వచ్చినప్పుడు, అంతవరకు తాము వాడిన ట్రియో 650 నాకిచ్చి వెళ్ళారు. అప్పటికి నేనింకా జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ట్రియో అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక రెండు మాటలు చెప్పాలి. 1996లో పైలట్ అనే పేరుతో అరచేతి యంత్రం ఒకటి వచ్చింది. దాని రూపకర్త జెఫ్ హాకిన్స్, యంత్రం పుట్టకముందే ఆ కొలతకు ఒక కొయ్యముక్కను తయారుచేసుకొని, జేబులో వేసుకొని తిరుగుతూ, అవసరం కలిగినప్పుడల్లా దానిమీద వ్రాస్తున్నట్లు నటించి చూశాడట. చిరునామాలు, తేదీలు, చేయవలసిన పనులు, టిప్పణులు. ప్రధానంగా ఈ నాలుగు గదులే. అటువంటి యంత్రానికే టెలిఫోను చేర్చితే ట్రియో. హ్యాండ్‌స్ప్రింగ్ సంస్థ దానిని మొదలుపెట్టగా, 2003లో పామ్ సంస్థ ఆ సంస్థనే తనలో కలుపుకొంది. 650 అనే రకం 2004 చివర్లో వచ్చింది. పామ్ అన్న మాటకు అరచెయ్యి అనీ, తాడిజాతి చెట్టు అనీ రెండర్థాలు. తాటాకుల మీద బ్రతికివచ్చిన సాహిత్యానికి ఉపాధ్యాయుణ్ణి కనుక నాకు రెండవ అర్థమే రుచించింది.

ఆ యంత్రాన్ని నేను టెలిఫోనుగా వాడింది తక్కువ. దాని టిప్పణుల గదిలో మాటలు పోగుచేయటం మొదలుపెట్టాను. మాది చీరాల ప్రాంతం. మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడిన మాండలిక వృత్తి పదకోశంలో రెండవ సంపుటం చేనేతకు సంబంధించినది, 1971 నాటిది. ఆ పుస్తకంలో లేని మాటలు మా వీధులలో ఇంకా ఏమైనా మిగిలి ఉన్నాయా అన్నది నా కుతూహలం. సాయంత్రం బడి విడిచాక ఒక నేతగాళ్ళ వీధికి వెళ్ళి, ఎనభై దాటిన ఒక మామ్మ అరుగు మీద కూర్చొనేవాణ్ణి. పడుగు, పేక, నాడె, అచ్చు, ఆసు, కండె వంటివి అందరికీ తెలిసినవే. ఆమె నోట వీటి వెనుక దాగిన చిన్న మాటలు వచ్చేవి. మగ్గం మీద కూర్చునే మగవారి మాటలు నిఘంటువులకు ఎక్కినంతగా, కండెలు చుట్టి, ఆసు పోసి, అచ్చు అతికే ఆడవారి మాటలు ఎక్కలేదని నా అనుమానం.

"ఈ మాటలు రాసుకుని ఏం జేసుకుంటారు మేష్టారూ, మగ్గమే మూలనబడ్డాక?" అనేది ఆమె.

వ్రాసుకోవటంలో మరొక ఇబ్బంది ఉండేది. ఆ యంత్రానికి యూనికోడ్ తెలియదు, తెలుగు రాదు. అందుచేత మనలో చాలామంది అప్పట్లో చేసినట్లే, ఆర్టీయస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసి, తరువాత లేఖినిలో వేసి తెలుగు చేసుకొనేవాణ్ణి. ఆ పద్ధతిలో పెద్దబడి అక్షరాలు ట, డ, ణలకు గుర్తులని మీకు తెలుసు. ఈ యంత్రమేమో ఇంగ్లీషు మర్యాద పాటించి, ప్రతి టిప్పణిలోను మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేసేది. "నాడె" అని కొడితే "ణాడె" అయ్యేది. "దోనె" అంటే "డోనె" అయ్యేది. ణకారంతో మొదలయ్యే మాట తెలుగులో లేదని పిల్లలకు చెప్పేవాడిని, నా జేబులోనే ణకారాది నిఘంటువు ఒకటి తయారయింది! ముందొక చుక్క పెట్టి, దానిని దాటుకొని వ్రాయటం తరువాత అలవాటు చేసుకొన్నాను.

ఇక అసలు కథ. 2008 వేసవిలో పాత కంప్యూటరు మూలబడితే కొత్తది కొన్నాను. పాతదానితో చివరిసారి కలిపింది మార్చిలో. ఏప్రిల్, మే, జూన్ నెలలలో మామ్మ చెప్పినవన్నీ చేతియంత్రంలో మాత్రమే ఉన్నాయి. కొత్త కంప్యూటరుకు తీగ తగిలించి, తీగకున్న మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అల్లుడుగారికి ఫోను చేశాను.

"మామయ్యగారూ, ముందు బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టండి. కంప్యూటరులో గడియారం పక్కన ఎర్రా నీలం బాణాల గుర్తు ఉంటుంది, అందులో యుయస్‌బి అన్నచోట టిక్కు ఉందో లేదో చూడండి. తీగను మధ్యలో వేరే పెట్టెకు కాకుండా కంప్యూటరుకే గుచ్చండి" అన్నారు. మూడవ సలహా పనిచేసింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఈ యంత్రాలతో మనం పడే తిప్పలలో చాలా భాగం ఇంతటి సామాన్యమైనవే. తీగ, బ్యాటరీ, ఒక టిక్కు. అవి సరిచేసుకోవటానికి పాండిత్యం అక్కరలేదు, ఓపిక చాలు. పాండిత్యం కావలసింది ఆ తరువాత.

యంత్రం పలికింది కదా అని ఊరుకోక, మరమ్మతు దుకాణం కుర్రవాణ్ణి ఇంటికి పిలిపించాను. పాత కంప్యూటరులోని మార్చి నాటి సరుకును కొత్తదానిలోకి దిగుమతి చేయించాను. మీట నొక్కాము. ప్రతి పేరూ రెండుసార్లు, ప్రతి టిప్పణీ రెండుసార్లు వచ్చింది. దిగుమతి అయినవాటిని యంత్రం కొత్త వ్రాతలుగా లెక్కించింది కనుక అది న్యాయమే. కుర్రవాడు చిరాకుపడి, కంప్యూటరులో ఉన్నదంతా తుడిచివేసి, మార్చి నాటి సరుకును మళ్ళీ దిగుమతి చేసి, అమరికల పట్టికలో "కంప్యూటరు ప్రతియే చేతియంత్రం మీద వ్రాయబడుగాక" అనే అర్థం వచ్చేదానిని ఎంచుకొన్నాడు.

"సార్, సిస్టంలో అంతా ఉంది కదా? సింక్ కొట్టేయనా?"

"కానీ నాయనా" అన్నాను.

అంతే. అరనిమిషంలో చేతియంత్రం మార్చి నెలకు వెళ్ళిపోయింది. అందులో చిన్న కార్డు పెట్టుకొనే గాడి కూడా ఉంది. వేరొక ప్రతి దాచుకొని ఉండవలసింది, ఉంచుకోలేదు. కుర్రవానిది తప్పు కాదు, యంత్రానిది అసలే కాదు. చెప్పిన పని చెప్పినట్లు చేసింది. సింకు అంటే రెండూ సమానం కావటం అని నేననుకొన్నాను. ఏది దేనికి సమానం కావాలి అన్న ప్రశ్న నాకు తోచనే లేదు. ఆ సంవత్సరం దసరాకు ముందే మామ్మ కాలం చేసింది. జ్ఞాపకం మీద ఇరవై ఆరు మాటలు తిరిగి వ్రాయగలిగాను. మిగిలినవి పోయాయి.

తరువాత పట్టుదలతో ఈ యంత్రం లోపల జరిగే పనిని చదివి తెలుసుకొన్నాను. తెలిసిన కొద్దీ ఆశ్చర్యపోయాను. అది మన పండితులు చేసిన పనే! ప్రతి వ్రాతకూ ఒక సంఖ్య ఉంటుంది. గత కలయిక తరువాత మారినదా లేదా అన్న గుర్తు ఒకటి ఉంటుంది. పోయినసారి కలిసిన కంప్యూటరే అయితే, గుర్తున్న వ్రాతలను మాత్రం చూస్తుంది. కొత్త కంప్యూటరు అయితే గుర్తులను నమ్మక, మొదటి నుండి చివరి వరకు ఒక్కొక్కటే పోల్చుతుంది. ఒకచోట కొట్టివేసినది, మరొకచోట దిద్దబడి ఉంటే, దిద్దినదానినే నిలుపుతుంది. ఒకే వ్రాతను రెండుచోట్లా వేర్వేరుగా దిద్ది ఉంటే, ఏది సరియైనదో తాను తీర్పు చెప్పదు. రెండు పాఠాలనూ ఉంచి, చిట్టాలో ఆ సంగతి వ్రాసి, నిర్ణయం యజమానికి వదలుతుంది. ఇంతటి సంయమనం ఈనాటి కొందరు పరిష్కర్తలలో కూడ కానరాదు! ఇంకొకటి: దేనినైనా కొట్టివేయబోతే, "కంప్యూటరులో ఒక ప్రతి దాచనా?" అని అడిగేది.

బ్రౌన్ దొర కడప బంగళాలో పండితులను పెట్టుకొని ఏమి చేయించాడు? ఊరూరా ఉన్న తాటాకు ప్రతులను తెప్పించి, పక్కపక్కన పెట్టించి, పాఠాంతరాలు గుర్తింపజేసి, శుద్ధప్రతి వ్రాయించాడు. 1829లో ఆయన వేమన పద్యాలను అచ్చు వేయించగలిగినది అటువంటి శ్రమ వల్లనే. ఆ పనికి మన పండితులు వాడిన మాటలు మనకున్నాయి: ప్రతి, మాతృక, పాఠాంతరం, పరిష్కరణ, సరిచూచుట. ఇన్ని మాటలు ఇంట్లో పెట్టుకొని, గ్రీకు మాటను విరగ్గొట్టి, "సిన్" అంటే సమ, "క్రోనోస్" అంటే కాలం అని అతికించి సమకాలీకరణ అనటం ఏమి అవసరం? నన్నయ, నారాయణభట్టు సమకాలికులు. వారి నెవరూ సమకాలీకరించలేదు. రెండు గడియారాలను ఒకే వేళకు త్రిప్పటానికి ఆ మాట సరిపోవచ్చు. రెండు ప్రతులను పోల్చి, భేదాలు కనిపెట్టి, ఒకదానిని దిద్దటానికి సరిపోదు.

"సరిచూపు" అనండి. ఆ మాట వినగానే, దేనితో సరిచూస్తున్నావు, ఏది మాతృక, ఏది నకలు అన్న ప్రశ్నలు వాటంతట అవే పుడతాయి. ఆనాడు ఆ కుర్రవాడు "సార్, ఏ ప్రతిని మాతృకగా పెట్టమంటారు?" అని అడిగి ఉంటే నేను "కానీ నాయనా" అనేవాడిని కాను.

ఒక మిత్రుడు దీనికి అడ్డు చెప్పాడు. "మాటలో ఏముంది మేష్టారూ, జనం సింకు అంటున్నారు, సింకు అననివ్వండి" అన్నాడు. అననివ్వటానికి నాకు అభ్యంతరం లేదు. బస్సు, రైలు మన మాటలైనట్లే సింకు కూడ కావచ్చు. తెలియని మాటను తెలియని మాటగానే వాడితే, అదేమిటని అడిగి తెలుసుకొనే అవకాశమైనా ఉంటుంది. సమకాలీకరణతో వచ్చిన చిక్కు, అది సంస్కృతంలో ఉండటం చేత అర్థమైనట్లే భ్రమ కలిగిస్తుంది. సరిచూపు కాకపోతే సింకే మేలు. నా మాటకూ ఒక లోపం ఉందని ఒప్పుకొంటాను. సరిచూపు అంటే చూచి ఊరుకోవటం అనిపిస్తుందే గాని, దిద్దటం అందులో పూర్తిగా ధ్వనించదు. ఇంతకంటె మంచి మాట తోచినవారు చెప్పండి, స్వీకరిస్తాను.

ఇదంతా గతించిన యంత్రపు గొడవ కదా అనవచ్చు. నిజమే. పామ్ సంస్థను 2010లో హెచ్‌పి కొన్నది, 2011లో ఆ యంత్రాల తయారీనే మానుకొన్నది. అరవై నాలుగు బిట్ల విండోసు వచ్చాక, దానికి తగిన చోదకం లేక ఆ తీగ పనిచేయలేదు. ఆ యంత్రంలోని పంచాంగం 2031తో ముగుస్తుంది, అంతవరకు అది బ్రతికి ఉంటుందో, నేనుంటానో. అయితే పని మాత్రం ఆగలేదు. ఇప్పుడు తీగ లేదు, మీట లేదు. జేబులో ఫోను మనకు చెప్పకుండానే రాత్రీ పగలూ సరిచూపు సాగిస్తూనే ఉంటుంది. ఒకచోట ఒక పేరు తుడిస్తే అన్నిచోట్లా తుడుచుకుపోతుంది. గూగుల్ పేర్ల పట్టికలో తుడిచినవి చెత్తబుట్టలో 30 రోజులుంటాయి. మూడు నెలల తరువాత గాని పోయిన సంగతి తెలియని నా బోటివాడికి ఆ గడువు ఏపాటి? చాలామంది సింకు అవుతున్నది కనుక దాచుకొన్నట్లే అనుకొంటున్నారు. సింకు అయ్యే ప్రతి దాచుకొన్న ప్రతి కాదు. అది రెండవ అద్దం మాత్రమే. మొదటి ముఖం చెరిగితే రెండవదీ చెరుగుతుంది. దేనితోను సరిచూడబడని మూడవ ప్రతి ఒకటి, పెన్‌డ్రైవులోనో, కాగితం మీదనో, విడిగా ఉండాలి. నా మటుకు నేను నెలకొకసారి మాటల పట్టికను అచ్చు తీసి, దారం కుట్టి బీరువాలో పెడుతున్నాను. మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనివ్వండి.

చివరిగా ఒక విన్నపం. పోయిన మాటలలో ఒకదాని అర్థం నాకు గుర్తుంది, మాట గుర్తు లేదు. అచ్చు అతికేటప్పుడు, కొత్త పోగును పాత పోగు కొసతో కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో ముడి వేయకుండా మెలిపెట్టి వదలుతారు. ఆ మెలికకు మామ్మ ఒక మాట చెప్పింది. రెండక్షరాల మాట, చివర సున్న లేదు. పదకోశంలో వెదికాను, దొరకలేదు. చీరాల, వేటపాలెం, మంగళగిరి వైపు మిత్రులెవరైనా ఇంట్లో పెద్దవారిని అడిగి చెప్పగలరా?