నసీబ్ మీద నెపం

పిల్లవాడికి నౌకరీ దొరకకపోతే మన ఇళ్లల్లో "నసీబ్ బాగలేదు" అంటాం. బేరోజ్‌గారీకి నసీబ్ అని పేరు పెడితే హుకూమత్‌ను జవాబ్ అడిగేవాడే ఉండడు.

నిజాం జమానాలో పుట్టిన కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి 2018లో గానీ తెరుచుకోలేదు. 1999లో ఆగిన రామగుండం ఎరువుల కార్ఖానాలో మళ్లీ ఉత్పత్తి మొదలైంది 2021లో. ఇరవై రెండేళ్లు! ఒక తరం జవానీ అందులోనే గడిచిపోయింది. కార్మికుడి తన్‌ఖా ఆగితే దర్జీకి బట్టలు రావు, హోటల్లో చాయ్ అమ్ముడుపోదు, కిరాణావాడు సరుకు తేడు. ఒకరి ఖర్చే మరొకరి కమాయి. ముల్క్ మొత్తంలో మందగమనం అన్నా ఇదే.

సొంత చిన్న పనుల మీద బతికేవాళ్లు ముస్లింలలో ఎక్కువని సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. బజార్ చల్లబడితే ముందు దెబ్బ మనకే.

గల్ఫ్ ఈ దర్ద్‌ను దాచింది, ఇలాజ్ చేయలేదు. కరీంనగర్ పల్లెలకొచ్చిన రియాళ్లు ఇళ్లయ్యాయి, షాదీలయ్యాయి. నలుగురికి రోజ్‌గార్ ఇచ్చే కార్ఖానాలు కాలేదు.

ఓటుకు వచ్చినవాళ్లను షాదీఖానా, ఖబ్రస్తాన్ ప్రహరీ అడిగి ఊరుకుంటున్నాం. తెరిచిన మిల్లుల్లో మన పిల్లలకు పర్మనెంట్ నౌకరీలెన్ని అని కూడా అడగాలి. దువా చేద్దాం, జవాబ్ కూడా అడుగుదాం.