గాలా... దోమా?

మలేరియా గుట్టు విప్పింది రొనాల్డ్‌ రాస్‌, 1897లో, సికింద్రాబాద్‌లో. అలా రాస్తే మార్కు పడిపోతుంది. ‘ఎలా తెలిసింది?’ అని మాత్రం ప్రశ్నపత్రం అడగదు. అసలు కథంతా అక్కడే ఉంది మరి!

మలేరియా అంటే ఇటలీ భాషలో చెడుగాలి. ఆ పేరు పెట్టినవాళ్లేం తెలివితక్కువవాళ్లు కాదు. చిత్తడి నేలల పక్కన ఉండేవాళ్లకే చలిజ్వరం ఎక్కువగా వచ్చేది. నిలవనీరు పోయేలా కాలువలు తవ్విస్తే జ్వరాలు తగ్గేవి. ఇంకేం రుజువు కావాలి? చిక్కేమిటంటే, అవన్నీ దోమకీ సరిపోతాయి. అది పెరిగేదీ నిలవనీటిలోనే. రెండు వాదనలకూ అతికే సంగతి ఏ ఒక్కదానికీ రుజువు కాదు. మందు పనిచేసినంత మాత్రాన జబ్బుకి మనం అనుకున్న కారణమే నిజమని చెప్పలేం.

రాస్‌ ఏం చేశాడు? హుసేన్‌ఖాన్‌ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు... కుట్టిన ఒక్కో దోమకీ అతనికి ఒక అణా ఇచ్చి! ఆగస్టు 20న అలాంటి దోమ పొట్ట కోసి చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది. గొప్ప సంగతే. కానీ దోమ రోగి నుంచి దాన్ని తీసుకుంటుందనే తేలింది. ఇంకొకరికి అంటిస్తుందని తేలలేదు. మరుసటి ఏడాది కలకత్తాలో, పిచ్చుకలకొచ్చే మలేరియా విషయంలో రాస్‌ అదీ చూపించాడు. మరి మనుషుల్లో?

1900లో సాంబన్‌, లో అనే డాక్టర్లు రోమ్‌ దగ్గరి చిత్తడి ప్రాంతంలో, దోమలు దూరకుండా సన్నని వలలు బిగించిన గుడిసెలో జ్వరాల కాలమంతా ఉన్నారు. పొద్దుగూకేసరికి లోపలికి, తెల్లారాకే బయటికి. పీల్చింది ఆ ఊరి గాలే. క్వినైన్‌ వేసుకోలేదు. లేనిదల్లా దోమకాటు. ఇద్దరికీ జ్వరం రాలేదు.

అదే ఏడాది జబ్బుమోసే దోమల్ని రోమ్‌ నుంచి లండన్‌ పంపారు. అక్కడ ప్యాట్రిక్‌ మాన్సన్‌ అనే డాక్టరు వైద్యం చదువుతున్న తన కొడుకునే వాటితో కుట్టించాడు. (ఈ రోజుల్లో ఏ తల్లి ఒప్పుకుంటుంది!) చిత్తడి గాలి పీల్చకుండానే కుర్రాడికి జ్వరమొచ్చింది, రక్తంలో పరాన్నజీవులు కనిపించాయి.

గుడిసె సంగతి ఒక్కటే అయితే ‘వాళ్ల అదృష్టం’ అనేవాళ్లు. కుర్రాడి సంగతి ఒక్కటే అయితే ‘ఇంకెక్కడో అంటుకుంది’ అనేవాళ్లు. రెండూ కలిశాక అలా అనడం కష్టమైంది.

క్వినైన్‌తో కుర్రాడు కోలుకున్నాడు. తొమ్మిది నెలల తర్వాత అదే జ్వరం మళ్లీ తిరగబెట్టింది.