రీఫండ్ బోనస్ కాదు.. మీ సొమ్మే!

కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి రూ.12 లక్షల వరకు జీతం, ఫీజుల ఆదాయంపై పన్ను లేదు. ‘ఇక రిటర్న్ ఎందుకులే’ అనుకుంటే నష్టం మీకే. చిట్యాల నుంచి హైదరాబాద్ వెళ్లి, నెలకు రూ.20 వేల కాంట్రాక్టు పనిలో చేరిన కుర్రాడినే తీసుకోండి. ప్రొఫెషనల్ ఫీజుగా చెల్లిస్తే 10 శాతం టీడీఎస్, అంటే ఏడాదికి రూ.24 వేలు కోత. రిటర్న్ వేస్తేనే అది తిరిగొస్తుంది.

వచ్చాక? కొత్త ఫోన్ మీదకు మనసు పోతుంది. ఆగండి. కోచింగ్ కోసం ఇంట్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారా? అది ఏడాదికి 24 శాతం. రూ.24 వేలకు వడ్డీయే రూ.5,760. ఏ బ్యాంకు ఎఫ్‌డీ అంత ఇవ్వదు. ముందు అప్పు తీర్చండి. అప్పు లేకపోతే గది అద్దెకు, పరీక్ష ఫీజులకు పక్కన పెట్టుకోండి. చేతిలో నాలుగు డబ్బులుంటే, దొరికిన తక్కువ జీతానికల్లా తలూపాల్సిన అవసరం ఉండదు.